లినక్స్‌లో హార్డ్‌డిస్క్ కాపీ నత్తనడకన సాగుతోందా..? 7 కారణాలు ఇవే.. డిస్క్ చేతులెత్తేయక ముందే ఇలా చెక్ చేసుకోండి!

పాత హార్డ్‌డిస్క్‌లో ఇంట్లో వాళ్ల పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, ఆఫీస్ ఫైల్స్ అన్నీ ఉన్నాయి. కొత్త డిస్క్ కొన్నారు. లినక్స్ ల్యాప్‌టాప్‌కి రెండూ తగిలించి కాపీ కొట్టారు. మొదట్లో జోరుగా వెళ్లింది.. కాసేపటికే స్పీడ్ పడిపోయింది. 'ఇంకా 9 గంటలు' అని చూపిస్తోంది. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని ఒక్కటే.. కాపీ ఆపేయడం, సిస్టమ్ రీస్టార్ట్ చేయడం, మళ్లీ మొదలుపెట్టడం. కానీ అసలు కారణం తెలియకుండా ఇలా చేస్తే టైమ్ వేస్ట్. ఒక్కోసారి డేటాకే ప్రమాదం.

ఎందుకంటే కాపీ స్లో అవడానికి కారణం తప్పు పోర్ట్‌లో గుచ్చిన కేబుల్ కావొచ్చు.. చావుకు దగ్గరపడిన డిస్క్ కూడా కావొచ్చు. మొదటిది నిమిషంలో తేలిపోతుంది. రెండోదైతే గంట గంటా విలువైనదే. ఏది ఏమిటో ఎలా కనిపెట్టాలో వరుసగా చూద్దాం.

ఒక చిన్న మాట.. కమాండ్లను ఇక్కడ తెలుగులో పలికినట్టే రాశాం. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి.

అసలు ఎంత స్పీడ్ రావాలి?

ముందు ఈ లెక్క తెలియాలి. లేదంటే మామూలు స్పీడ్‌నే స్లో అనుకునే ప్రమాదం ఉంది.

* ల్యాప్‌టాప్ సైజు చిన్న హార్డ్‌డిస్క్: సెకనుకు సుమారు 100 నుంచి 140 ఎంబీ
* డెస్క్‌టాప్ సైజు 7200 ఆర్‌పీఎం హార్డ్‌డిస్క్: సుమారు 150 నుంచి 200 ఎంబీ, కొత్త వాటిలో ఇంకాస్త ఎక్కువ
* సాటా ఎస్ఎస్‌డీ: సుమారు 500 ఎంబీ
* యూఎస్‌బీ 2.0 పోర్ట్‌లో ఏ డిస్క్ పెట్టినా: 30 నుంచి 40 ఎంబీ మాత్రమే

ఇవన్నీ పెద్ద ఫైల్స్ కాపీ చేసేటప్పుడు వచ్చే స్పీడ్‌లు. రెండు డిస్క్‌ల మధ్య కాపీ అంటే ఎప్పుడూ నెమ్మదైన దాని వేగమే లెక్క. ఒకవైపు ఎస్ఎస్‌డీ ఉన్నా రెండోవైపు పాత హార్డ్‌డిస్క్ ఉంటే.. ఆ పాతది ఎంత ఇస్తే అంతే.

ఇంకో విషయం. హార్డ్‌డిస్క్ నిండేకొద్దీ స్పీడ్ తగ్గడం సహజం. ప్లాటర్ బయటి అంచున ఒక చుట్టులో ఎక్కువ డేటా పడుతుంది. లోపలి అంచున తక్కువ పడుతుంది. అందుకే డిస్క్ చివరి భాగంలో స్పీడ్ దాదాపు సగానికి పడిపోతుంది. అది జబ్బు కాదు.

1. ముందు డిస్క్ ఆరోగ్యం చూడండి

మిగతా చెకప్‌లన్నీ దీని తర్వాతే. కాపీ స్పీడ్ ఉన్నట్టుండి సున్నాకి పడిపోయి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ కదులుతోందా? ఏదో ఒక ఫైల్ దగ్గరికి రాగానే ప్రతిసారీ అక్కడే ఇరుక్కుంటోందా? డిస్క్ లోంచి టక్ టక్ మని శబ్దం వస్తోందా? అయితే అనుమానించాల్సింది డిస్క్‌నే. పాడైన సెక్టార్‌ని చదవడానికి డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మీకు మాత్రం అది 'స్లో కాపీ'లా కనిపిస్తుంది.

ఉబుంటు లాంటి గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవారికి 'డిస్క్స్' అనే యాప్ ఉంటుంది. అందులో ఎడమవైపు మీ డిస్క్‌ని ఎంచుకుని, పైన మెనూలో స్మార్ట్ డేటా అనే ఆప్షన్ నొక్కండి. టెర్మినల్ అలవాటున్నవాళ్లు స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్యాకేజీ వేసుకుని 'సుడో స్మార్ట్‌సీటీఎల్ హైఫన్ ఏ' అని కొట్టి, డిస్క్ పేరు ఇవ్వొచ్చు.

అక్కడ చాలా వరుసలు వస్తాయి. కంగారు పడొద్దు. ఈ నాలుగు నంబర్లు చూస్తే చాలు.

* 5వ నంబర్: పాడైపోయి, పక్కన ఉంచిన స్పేర్ చోటికి మార్చిన సెక్టార్లు
* 197వ నంబర్: చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్లు
* 198వ నంబర్: ఇక చదవలేమని డిస్క్ తేల్చేసినవి
* 199వ నంబర్: డేటా దారిలో చెడిపోయిన సందర్భాలు. ఇది ఎక్కువగా కేబుల్ తప్పు

చూడాల్సింది చివరి నిలువు వరుసలో ఉండే రా వాల్యూ. 5, 197, 198 దగ్గర సున్నా ఉంటే మంచిదే. సున్నా కాకుండా రోజురోజుకీ పెరుగుతోందంటే మాత్రం ఆ డిస్క్‌ని నమ్మొద్దు. పైన 'పాస్డ్' అని రాసి ఉన్నా సరే.. దాన్ని చూసి ధీమాగా ఉండొద్దు. పోయే ముందు వరకూ పాస్డ్ అని చూపించే డిస్క్‌లు ఉంటాయి.

199 మాత్రమే పెరుగుతుంటే డిస్క్ బాగానే ఉండొచ్చు. సాటా కేబుల్ తీసి కొత్తది వేయండి. ఆ నంబర్ మళ్లీ సున్నాకి రాదు. కేబుల్ మార్చాక పెరగడం ఆగిందా లేదా అన్నదే చూసుకోవాలి.

దీనితో పాటు కెర్నల్ ఏమంటోందో కూడా వినాలి. టెర్మినల్‌లో 'సుడో' అని కొట్టి, పక్కన డీ, ఎం, ఈ, ఎస్, జీ అనే ఐదు అక్షరాలు కొట్టండి. చివర్లో ఐవో ఎర్రర్ అనో, లింక్ రీసెట్ అనో మెసేజ్‌లు వరుసగా కనిపిస్తే కాపీ స్లో అవడానికి కారణం దొరికినట్టే. పదే పదే తప్పులు వస్తే లినక్స్ తనంతట తానే సాటా లింక్ స్పీడ్‌ని 6 జీబీపీఎస్ నుంచి 3కి, తర్వాత 1.5కి తగ్గించేస్తుంది. ఆ విషయం కూడా అక్కడే రాసి ఉంటుంది.

డిస్క్ పోయేలా ఉంటే ఏం చేయాలి?

మామూలు కాపీ వెంటనే ఆపేయండి. ఆ డిస్క్ మీద రిపేర్ టూల్స్ నడపొద్దు, కొత్తగా ఏమీ రాయొద్దు. ముందు అతి ముఖ్యమైన ఫోల్డర్ ఒకటి రెండు ఉంటే, అవి సాఫీగా వస్తున్నంత వరకు తీసుకోండి.

మిగతా దానికి గ్నూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ ఉంది. ఉబుంటు, డెబియన్‌లలో దీని ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ. మామూలు కాపీ పాడైన చోట ఆగిపోతుంది. ఇది అలా కాదు.. బాగున్న భాగాలన్నీ ముందు లాగేసి, మొరాయించే చోట్లకి తర్వాత తిరిగి వస్తుంది. ఎంతవరకు అయిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. కాబట్టి మధ్యలో కరెంట్ పోయినా అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

దీంతో రెండు జాగ్రత్తలు తప్పనిసరి. పాత డిస్క్‌ని అన్‌మౌంట్ చేసి ఉంచాలి. డేటా పడేది మంచి డిస్క్ మీదే, అంతకంటే ఎక్కువ ఖాళీ ఉన్నదే అయి ఉండాలి. కమాండ్‌లో ముందు పాత డిస్క్, తర్వాత కొత్తది.. ఈ వరుస తారుమారైతే ఉన్న డేటా కాస్తా చెరిగిపోతుంది. ఎంటర్ నొక్కేముందు పేర్లు రెండుసార్లు చదువుకోండి.

టక్ టక్ శబ్దం గట్టిగా వస్తుంటే మాత్రం ఇవేవీ వద్దు. పవర్ తీసేసి, డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లడమే మేలు. తిరిగే ప్రతి నిమిషం లోపల నష్టం పెరగొచ్చు.

2. యూఎస్‌బీ పోర్ట్, కేబుల్: చాలా ఇళ్లలో అసలు దొంగ ఇదే!

డిస్క్ బాగానే ఉందా? అయితే స్పీడ్ 30 నుంచి 40 ఎంబీ దగ్గర కదలకుండా నిలబడిందేమో చూడండి. అలా ఉంటే దాదాపుగా అది యూఎస్‌బీ 2.0 సమస్యే.

యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం 480 ఎంబీపీఎస్. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇది మెగాబిట్లలో లెక్క. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 60 మెగాబైట్లు. అందులోనూ పోనుపోగా చేతికొచ్చేది 30 నుంచి 40. యూఎస్‌బీ 3.0 అయితే 5 జీబీపీఎస్. అంటే పదిరెట్లకు పైనే.

500 జీబీ డేటానే తీసుకోండి. సెకనుకు 35 ఎంబీ చొప్పున దాదాపు 4 గంటలు పడుతుంది. అదే 120 ఎంబీ చొప్పున అయితే గంటా పది నిమిషాల్లో అయిపోతుంది. పోర్ట్ మారిస్తే మిగిలే టైమ్ అది!

చెక్ చేయడం తేలిక. టెర్మినల్‌లో 'ఎల్ఎస్‌యూఎస్‌బీ హైఫన్ టీ' అని కొట్టండి. చెట్టు కొమ్మల్లా ఒక జాబితా వస్తుంది. అందులో మీ డిస్క్ ఉన్న వరుస చివర 480ఎం అని ఉంటే 2.0లో నడుస్తున్నట్టు. 5000ఎం లేదా 10000ఎం ఉంటే సరైన స్పీడ్‌లో ఉన్నట్టు.

480 వచ్చిందా? ఇలా చేయండి.

* వేరే పోర్ట్‌లో పెట్టండి. 3.0 పోర్ట్‌లు చాలా వాటిలో లోపల నీలం రంగులో ఉంటాయి. అన్ని కంపెనీలూ ఈ రంగు పాటించవు
* డెస్క్‌టాప్ అయితే ముందు పోర్ట్‌లు వదిలేసి వెనక ఉన్నవి వాడండి
* హబ్ తీసేసి నేరుగా గుచ్చండి. రెండు డిస్క్‌లూ ఒకే హబ్‌కి ఉంటే ఉన్న వేగాన్ని పంచుకోవాల్సి వస్తుంది
* కేబుల్ మార్చండి. టైప్ సీ కేబుల్ అయినంత మాత్రాన ఫాస్ట్ అనుకోవద్దు. ఫోన్ చార్జర్‌తో వచ్చే సీ కేబుల్స్ చాలావరకు 2.0 వేగానివే

3. ఎన్‌టీఎఫ్ఎస్ డిస్క్.. విండోస్ ఫార్మాట్ తెచ్చే తంటా

విండోస్‌లో వాడిన డిస్క్ అయితే ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌లో ఉండే అవకాశం ఎక్కువ. లినక్స్‌లో చాలా ఏళ్లుగా దీన్ని ఎన్‌టీఎఫ్ఎస్-3జీ అనే డ్రైవర్ నడిపిస్తోంది. ఇది కెర్నల్ బయట, ఒక మామూలు ప్రోగ్రామ్‌లా పనిచేస్తుంది. ప్రతి పనికీ కెర్నల్‌కి, దీనికి మధ్య రాకపోకలు తప్పవు. ప్రాసెసర్ పాతదైతే కాపీ బాగా నెమ్మదిస్తుంది.

కాపీ జరుగుతుండగా సిస్టమ్ మానిటర్ తెరవండి. మౌంట్ డాట్ ఎన్‌టీఎఫ్ఎస్ అనే ప్రాసెస్ ఒక కోర్‌ని మొత్తం తినేస్తుంటే విషయం అర్థమైనట్టే. 'మౌంట్' అని ఒట్టి కమాండ్ కొట్టినా మీ డిస్క్ పక్కన ఫ్యూజ్‌బ్లాక్ అనే మాట కనిపిస్తుంది.

పరిష్కారం ఏంటంటే.. 2021 అక్టోబర్ చివర్లో వచ్చిన 5.15 కెర్నల్ నుంచి పారగాన్ కంపెనీ ఇచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్3 అనే డ్రైవర్ కెర్నల్‌లోనే చేరింది. మీ కెర్నల్ అంతకంటే కొత్తదైతే, మౌంట్ చేసేటప్పుడు టైప్ దగ్గర ఎన్‌టీఎఫ్ఎస్3 అని ఇచ్చి చూడొచ్చు. అయితే ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి, పూర్తిగా షట్‌డౌన్ చేసి ఉండాలి. విండోస్ సగం నిద్రలో ఉన్న డిస్క్ మీద లినక్స్ నుంచి రాయడం మంచిది కాదు.

కొత్త డిస్క్‌ని ఇక లినక్స్‌లోనే వాడతాం అనుకుంటే ఎక్స్‌ట్4 ఫార్మాట్ చేసుకోవడం అన్నింటికన్నా హాయి. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది. కాబట్టి ఖాళీ డిస్క్ మీదే ఆ పని చేయండి.

4. లక్ష చిన్న ఫైల్స్.. ఒక్క పెద్ద ఫైల్ కంటే భారం

5 జీబీ సినిమా ఫైల్ నిమిషం లోపే వెళ్లిపోతుంది. అదే 5 జీబీ ఫొటో థంబ్‌నెయిల్స్, వెబ్‌సైట్ ఫైల్స్ అయితే అరగంట దాటినా అవ్వదు. ఎందుకిలా?

హార్డ్‌డిస్క్‌లో రీడింగ్ హెడ్ కదలాలి, ప్లాటర్ తిరిగి సరైన చోటు దాని కిందకి రావాలి. 7200 ఆర్‌పీఎం డిస్క్‌లో ఈ రెండింటికీ కలిపి సగటున 13 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక్కో ఫైల్‌కి ఒక్కసారే కదిలినా.. లక్ష ఫైల్స్‌కి 1300 సెకన్లు. అంటే 20 నిమిషాలకు పైగా కేవలం హెడ్ అటూ ఇటూ తిరగడానికే పోతుంది! నిజానికి ఫైల్ పేరు, తేదీ, పర్మిషన్లు రాయడానికి ఇంకా ఎక్కువసార్లు కదలాలి.

ఇలాంటి ఫోల్డర్లను టార్ ఫైల్‌గా కట్టి, నేరుగా కొత్త డిస్క్‌లోకే రాయించండి. చదివేవైపు కష్టం తప్పకపోయినా, రాసేవైపు ఒక్క పెద్ద ఫైలే కాబట్టి ఆ భారం తగ్గుతుంది. ఫొటోలు, వీడియోలు ముందే కుదించి ఉంటాయి కాబట్టి జిప్ చేసి ప్రయోజనం లేదు. ఉత్త టార్ చాలు.

ఇంకో తప్పు కూడా చాలామంది చేస్తారు. త్వరగా అవుతుందని ఒకేసారి నాలుగు కాపీ విండోలు తెరుస్తారు. హార్డ్‌డిస్క్ విషయంలో ఇది రివర్స్ అవుతుంది. హెడ్ నాలుగు చోట్లకి పరుగులు పెట్టి మొత్తం ఇంకా స్లో అవుతుంది. ఒకటి అయ్యాకే ఇంకోటి పెట్టండి. ఒకే డిస్క్‌లో ఒక పార్టిషన్ నుంచి ఇంకో పార్టిషన్‌కి కాపీ చేసినా ఇదే తిప్పలు.

5. 'మొదట ఫాస్ట్, తర్వాత స్లో'.. అది ర్యామ్ మాయ

కాపీ మొదలవగానే 800 ఎంబీ స్పీడ్ చూపించి, తర్వాత 20కి పడిపోయిందా? లేదా 100 శాతం అయిందని చెప్పి విండో అలాగే ఉండిపోయిందా? ఏమీ పాడవలేదు.

లినక్స్ మీరు రాసే డేటాని ముందు ర్యామ్‌లో దాచుకుని, వెనక నుంచి నెమ్మదిగా డిస్క్‌కి పంపుతుంది. చాలా డిస్ట్రోల్లో, వాడుకోవడానికి వీలున్న మెమరీలో 20 శాతం వరకు ఇలా ఉంచుకోవచ్చు. 16 జీబీ ర్యామ్ ఉంటే 2, 3 జీబీ దాకా 'అయిపోయింది' అని చూపిస్తుంది కానీ నిజంగా డిస్క్ మీదకి చేరదు. సెకనుకు 10 ఎంబీ రాసే పెన్‌డ్రైవ్‌కి ఆ 2 జీబీ చేరాలంటేనే 3 నిమిషాలు పైన పడుతుంది. నెమ్మది డిస్క్‌కి రాస్తున్నప్పుడు మొత్తం సిస్టమ్ బిగుసుకుపోయే ఈ ఇబ్బంది గురించి 2013లోనే కెర్నల్ డెవలపర్ల మధ్య పెద్ద చర్చ జరిగింది.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. కాపీ బార్ నిండగానే డిస్క్ లాగేయొద్దు. టెర్మినల్‌లో 'సింక్' అని కొట్టి, అది ముగిసేదాకా ఆగండి. లేదా ఫైల్ మేనేజర్‌లో ఎజెక్ట్ నొక్కి, తీయొచ్చు అనే మెసేజ్ వచ్చాకే తీయండి. తొందరపడితే కొత్త డిస్క్‌లో సగం ఫైల్స్ మాత్రమే మిగులుతాయి.

6. ఎస్ఎంఆర్ డిస్క్.. కొత్తదైనా స్లోనే!

కొత్త డిస్కే, స్మార్ట్ డేటా క్లీన్‌గా ఉంది, పోర్ట్ 3.0నే. అయినా చాలా జీబీలు వెళ్లాక స్పీడ్ 30కి, కొన్నిసార్లు అంతకంటే కిందకి పడిపోతోంది. అయితే అది ఎస్ఎంఆర్ డిస్క్ కావొచ్చు.

ఈ రకం డిస్క్‌లలో ట్రాక్‌లు ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. తక్కువ ధరకి ఎక్కువ స్టోరేజ్ ఇవ్వడానికి ఈ పద్ధతి. ఒక చోట మార్చాలంటే పక్క ట్రాక్‌లు కూడా తిరిగి రాయాలి. ఆ పని వాయిదా వేయడానికి డిస్క్‌లో కొంత చోటు కేటాయిస్తారు. అది నిండగానే స్పీడ్ కుప్పకూలుతుంది. 2020 ఏప్రిల్‌లో ఈ విషయం మీద దుమారం రేగాక వెస్టర్న్ డిజిటల్, సీగేట్, తోషిబా కంపెనీలు ఏ మోడళ్లలో ఈ పద్ధతి వాడుతున్నాయో జాబితాలు బయటపెట్టాయి. మీ డిస్క్ మోడల్ నంబర్‌తో వాటిలో చూసుకోవచ్చు.

దీనికి సెట్టింగ్స్‌లో మందు లేదు. కొంత కాపీ చేసి, పవర్ తీయకుండా కాసేపు వదిలేస్తే డిస్క్ తనే సర్దుకుంటుంది. రాత్రి పెట్టి పొద్దున చూసుకోవడమే మంచిది. చవక రకం ఎస్ఎస్‌డీల్లోనూ క్యాష్ నిండాక ఇలాగే జరుగుతుంది.

7. పాత సలహాలతో జాగ్రత్త

డీఎంఏ ఆన్ చేయండి, హెచ్‌డీపారమ్‌తో ఫలానా సెట్టింగ్ మార్చండి అనే చిట్కాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. అవి పాత ఐడీఈ డిస్క్‌ల కాలం నాటివి. ఇప్పటి సాటా, యూఎస్‌బీ డిస్క్‌లకి పనికిరావు. హెచ్‌డీపారమ్‌ని చదివే స్పీడ్ కొలవడానికి మాత్రం వాడుకోవచ్చు. 'సుడో హెచ్‌డీపారమ్ హైఫన్ టీ' అని కొట్టి డిస్క్ పేరు ఇస్తే కొన్ని సెకన్లలో నంబర్ వస్తుంది. రెండు డిస్క్‌లకీ విడివిడిగా చేస్తే చదవడంలో ఏది వెనకబడిందో తేలుతుంది. డిస్క్స్ యాప్‌లో బెంచ్‌మార్క్ చేసేవాళ్లు రైట్ టెస్ట్ దగ్గర ఉన్న టిక్ తీసేయండి. డేటా ఉన్న డిస్క్ మీద ఆ ప్రయోగం అనవసరం.

మధ్యలో ఆగినా మళ్లీ మొదటికి రాకుండా..

పెద్ద మొత్తంలో కాపీ చేసేటప్పుడు ఫైల్ మేనేజర్ కంటే ఆర్‌సింక్ నయం. 'ఆర్‌సింక్ హైఫన్ ఏ' తర్వాత పాత ఫోల్డర్, కొత్త ఫోల్డర్ ఇస్తే చాలు. మధ్యలో ఆగిపోయి మళ్లీ నడిపితే, వెళ్లిపోయిన ఫైల్స్ వదిలేసి మిగతావే పంపుతుంది. కంప్రెషన్ ఆప్షన్ మాత్రం పెట్టొద్దు. అది నెట్‌వర్క్ కోసం.. ఒకే సిస్టమ్‌లోని రెండు డిస్క్‌ల మధ్య దానివల్ల ఉపయోగం ఉండదు.

ఒక్క చూపులో

* ఆగి ఆగి వెళ్తోంది, శబ్దం వస్తోంది: డిస్క్ ఆరోగ్యం చూడండి. అన్నీ పక్కన పెట్టి డేటా కాపాడుకోండి
* 30 నుంచి 40 దగ్గర నిలకడగా ఉంది: పోర్ట్, కేబుల్, హబ్ మార్చండి
* ప్రాసెసర్ ఒక కోర్ నిండిపోయింది: ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవర్ సంగతి చూడండి
* చిన్న ఫైల్స్ దగ్గరే స్లో: టార్ కట్టండి, ఒక్కొక్కటిగా పంపండి
* మొదట జోరు, తర్వాత నీరసం: ర్యామ్ క్యాష్ లేదా ఎస్ఎంఆర్. ఓపిక పట్టండి

చివరగా.. కాపీ పూర్తయిందని వెంటనే పాత డిస్క్‌ని ఫార్మాట్ చేయొద్దు. కొత్త డిస్క్‌లో నాలుగైదు వీడియోలు తెరిచి, చివరిదాకా జరిపి చూడండి. ఫోల్డర్ల సైజులు, ఫైల్స్ లెక్క సరిపోయాయో లేదో చూసుకోండి. వీలైతే ఇంకో చోట కూడా ఒక కాపీ ఉంచుకోండి. డిస్క్ మళ్లీ కొనుక్కోవచ్చు.. అందులోని పెళ్లి వీడియో మాత్రం ఏ షాపులోనూ దొరకదు!